నర్సయ్య ఆపిన నంబర్లు

"మొన్న శుక్రవారం మా కంపెనీ మునగకుండ కాపాడింది ఎవరనుకుంటున్నరు?" అంటూ నర్సయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

రాయదుర్గం మెట్రో కింద, మల్లమ్మ చాయ్ బండి దగ్గర అదే కంపెనీలో టెస్టింగ్ పని చేసే యశ్వంత్, ఆఫీసులో నర్సయ్య పక్క సీటు రసజ్ఞ నిలబడి ఉన్నారు.

"మూడు గంటలకు టెండర్ పోవాలె. నాలుగు వందల పేజీలు. మా మేనేజర్ పార్థసారథి సార్ నంబర్లు దానంతటదే వేసే కొత్త టెంప్లేట్ ఇచ్చి, అంతా దీంట్లకే ఎక్కియ్యాలె అన్నడు. ఎక్కిచ్చిన. ఎక్కిచ్చుడే ఆలస్యం, లిస్టుల నంబర్లన్నీ గడబిడ! ఒక్క స్టైల్, అంటే నంబర్ల వరుస సెట్టింగ్, మార్చిన, అన్నీ లైన్ల నిలబడ్డయి. రెండు నిమిషాల పని."

"గంతేనా?" అన్నాడు యశ్వంత్.

"జర ఆగు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఎంటర్ కొట్టిన, నంబర్ వచ్చింది. వేలు తీసిన, ఇంకోటి వచ్చింది. కొట్టకున్నా వస్తనే ఉన్నది! వెయ్యి, పదివేలు... వైరు పీకిన, ఆగలే. ఇగ పేరాలు కుడికి జరుగుడు షురువైంది. పేరా జరిగితే టేబుల్ జరిగింది, టేబుల్ జరిగితే గోడ జరిగింది, తొమ్మిదో అంతస్తు మొత్తం జరిగి జరిగి, కిటికీలకెల్లి చూస్తే కాళ్ల కింద దుర్గం చెరువు!"

"అమ్మో!" అంది మల్లమ్మ. చాయ్ వడపోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"అసలు భయం గప్పుడు మొదలైంది అక్కా. నంబర్ల పక్కన పేర్లు పడుతున్నయి, మా ఆఫీసోళ్లయి. పేరు పడంగనే ఆ మనిషి కుర్చీ ఖాళీ! బ్యాగ్ ఉన్నది, కప్పుల పొగలు వస్తున్నయి, మనిషి లేడు. ఒకటి, రెండు, మూడు... లిఫ్ట్ తెరుసుకోదు. కార్డు పెడితే తలుపుకు ఎర్రలైటు. పార్థసారథి సార్ నా కాళ్లు పట్టుకుని, 'నర్సయ్యా, తర్వాతి పేరు నాదే' అని ఏడ్సిండు."

యశ్వంత్ నవ్వలేదు. పోయిన వారం వాళ్ల ఫ్లోర్‌లో నిజంగానే ఆరుగురి ఉద్యోగాలు పోయి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"మరి నువ్వేం చేసినవన్నా?" అన్నాడు మెల్లగా.

"స్క్రీన్ లోపలికి చెయ్యి పెట్టి నంబర్ తోక దొరకవట్టిన! ఒక్కోటి గుంజుతుంటే ఒక్కో మనిషి మళ్ల కుర్చీల వచ్చి పడ్డడు. మియాపూర్ దాక ఇండ్ల నంబర్లు సుత మారినయంట, అవి గూడ నేనే సరిజేసిన. ఒక్క నిమిషం ఉందనంగ టెండర్ పంపిన!"

"అన్నా," అంది రసజ్ఞ. "పంపింది నేను."

నర్సయ్య ఆమె వైపు చూడలేదు.

"పాత ఫైల్లో నంబర్లు నువ్వు చేత్తో కొట్టినవే. వాటి పక్కన టెంప్లేట్ నంబర్లు కూడా పడి రెండింతలైనాయి. నేను నువ్వు కొట్టినవి తీసేసి, టెండర్ పంపి వచ్చేసరికి నువ్వు మెట్ల మీద కూర్చుని ఉన్నావు. 'ఇది నాకు రాదని తెలిస్తే నౌకరి నుంచి తీసేస్తరు చెల్లె' అన్నావు."

పైన రైలు వచ్చి ఆగింది, పోయింది.

"సార్‌కు చెప్పినవా?" అన్నాడు నర్సయ్య.

"లేదన్నా."

అతను గ్లాసు తీసి మల్లమ్మకు ఇచ్చేశాడు.

"ఆ స్టైల్ సంగతి ఇయ్యాల జర చూపియ్ చెల్లె," అన్నాడు. "మెల్లగ చూపియ్. నాకు జల్ది ఎక్కది."