ట్రాం లైను, నా బొటనవేలు

నేను ఎక్కువ మాట్లాడెటోన్ని కాదు. జహీరాబాద్ బజార్ల ట్రాం బండికి లైను కొలిచినోన్ని నేను. ఉన్న ముచ్చట ఇంతే. కానీ రత్నమ్మ చాయ్ డబ్బా కాడ చెప్పిన నాడు మంది దాన్ని ఎట్ల తీసుకున్నరో మీరు వినాలె.

ఎనభై మూడో సంవత్సరం అనుకుంట. స్టేషన్ రోడ్డు పక్కన రత్నమ్మది రేకుల డబ్బా. ఆ పొద్దు పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఆమెకు సోయి లేదు. తెల్లారితే రోడ్డు కొలిచేటోళ్లు వస్తరట. డబ్బా రోడ్డు మీదికి జరిగినట్టు తేలితే తీసేస్తరట. ఆ డబ్బా మీదనే ఆమె ఇల్లు గడుస్తది.

"ఏం ఫికర్ పెట్టుకోకు చెల్లే" అని ధైర్యం చెప్పిన. "కొలిచేటోళ్ల కథ నాకు తెల్వనిదా? డెబ్బై నాలుగుల ట్రాంకు కొలిచింది ఎవరనుకున్నవ్?"

రాయికోడ్ నుంచి అల్లం బస్తాలు తెచ్చిన సంగయ్య సాసర్ల చాయ్ ఊదుకుంట తల ఎత్తిండు. "ట్రాం అంటే ఏంది కాకా?"

"రైలుకు తమ్ముడనుకో. రోడ్డు నడుమల పట్టాలుంటయి, వాటి మీద ఒక డబ్బా పోతుంటది, మంది ఎక్కుతరు, దిగుతరు. కలకత్తల ఉన్నది. మనకు కూడ వెయ్యాల్నని మదన్‌మోహన్ సారని ఒక ఇంజనీరు జీపుల దిగిండు. దిగి బజారంత తిరిగి, కనబడ్డోళ్ల చేతులన్ని చూసి, నా బొటనవేలు కాడ ఆగిండు. 'మాణిక్, టేపు నువ్వే పట్టాలె' అన్నడు."

"పేరు గూడ తెలుసా ఆయనకు?" అన్నడు బట్టల దుకాణం రేవణసిద్ధప్ప. నవ్వు దాచుకుంటున్నడు గని నేను చూడనట్టే ఉన్న.

"ఇగ ఇను. టేపుకు రెండు కొసలుంటయి. సున్నా ఉన్న కొస నా చేతిల. రెండో కొస కాడ సారు నిలబడి అంకె సదువుతడు. అందరు సదివెటోడే పెద్దోడనుకుంటరు. కాదు, పెత్తనమంత సున్నా కాడనే ఉంటది. గల్లీ మొదట్ల హనుమమ్మ అరుగు అడ్డమొచ్చింది. సారు కూలగొట్టాలె అన్నడు. ముసల్ది నా దిక్కు చూసింది. నేను సప్పుడు చెయ్యకుంట జానెడు టేపు మలిచి బొటనవేలు కింద పెట్టిన. అవతల అంకె జానెడు పెరిగింది. 'రోడ్డు సరిపోతది, అరుగు ఉండని' అన్నడు సారు."

రత్నమ్మ పాల గిన్నె దించి దగ్గరికొచ్చింది. "నిజమే అన్నా? వేలు కింద పెడితే రోడ్డు పెరుగుతదా?"

"పెరుగుడు ఎంత పెరుగుడు! ఆ సంగతి బజారంత పాకి, మా మెట్లు, మా గడప అని ఒకటే మొత్తుకునుడు. నేను మూర మలిచిన, బార మలిచిన, ఆఖరికి టేపు చుట్ట మొత్తం పిడికిట్ల పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు ఎంత వెడల్పయిందంటే, దాటెటోళ్లు సద్ది కట్టుకొని బయలెల్లుతున్నరు. ఇవతల నుంచి బడికి పోయిన పోరగాండ్లకు అవతల తేలేసరికి మీసాలొచ్చినయి."

"నా దుకాణం ఆ రోడ్డు మీదనే గద మాణికన్నా" అన్నడు రేవణసిద్ధప్ప. "నాకేం కనబడలేదు?"

"నువ్వు అవతలి దిక్కు ఉంటివి. అంత దూరం నీకేం కనబడుతది?"

సంగయ్యకు చాయ్ పొరబోయి దగ్గొచ్చింది. నేను ఆగలే.

"వెడల్పు అయింది, పొడుగు మిగిలింది. స్టేషన్ నుంచి బస్టాండ్ దాకా లైను, సారు కాడ పట్టాలు సగానికే ఉన్నయి. తల పట్టుకొని కూసున్నడు. 'సార్, ఆ కొస గట్టిగ పట్టుకోన్రి' అని, ప్లాట్‌ఫారంకు కాలు తన్నిపెట్టి లాగిన. గుడ్డ టేపు గద, సాగుతది. టేపు సాగితే అంకె తగ్గుతది, అంకె తగ్గితే దూరం తగ్గక ఏం చేస్తది? బస్టాండ్ ఉన్న బస్సులతోని జరుక్కుంట వచ్చింది. ఇంక జర లాగితే ఎక్కడనో ఉన్న కోహీర్ ఊరే వచ్చింది. వాళ్లు అక్కడ మిరపకాయలు దంచితే ఇక్కడ మనకు తుమ్ములు. చాయ్ పోసి పెట్టి కోహీర్ పోయొస్తే చాయ్ చల్లారదు! బీదర్ గూడ కదిలింది. నీ అత్త బీదర్‌ల కసిరితే నీ దుకాణం గల్లపెట్టె కాడ వినబడుతుండె, యాద్ చేసుకో సిద్ధప్పా."

"ఆమె గొంతుకు టేపుతోని పనిలేదన్నా."

"మరి ట్రాం ఏది కాకా?" అన్నడు సంగయ్య.

"అదే చెప్తున్న. ఊర్లన్ని అంత దగ్గరికొచ్చినంక ట్రాం ఎవడెక్కుతడు? నడిచే పోతున్నరు. సారు నా చెయ్యి పట్టుకొని 'మాణిక్, నీ వేలుతోని గవర్నమెంటుకు ట్రాం ఖర్చంత మిగిలింది' అని జీపెక్కిండు."

ముచ్చట అయిపోయిందని కప్పు కింద పెట్టిన. రత్నమ్మ మాత్రం అక్కడనే నిలబడ్డది. నవ్వుతలేదు.

"అన్నా, రేపు పొద్దుగాల వస్తరు. సున్నా కొస నువ్వు పట్టుకో."

ఇట్ల అడుగుతదనుకోలే. "పట్టుకుందు చెల్లే, అదేమంత పని. కానీ రేపు నాకు కోహీర్ల పనున్నది. పొద్దుగాల్నే పోవాలె."

ఆమె ఒక కప్పుల చాయ్ పోసి, మీద సాసర్ బోర్లించి, బల్ల మీద పెట్టింది. "ఇప్పుడే పోయిరా అన్నా. చల్లారకముందే వస్తవు గద."

రేవణసిద్ధప్ప ఇంక నవ్వు దాచుకోలే. సంగయ్యైతే అల్లం బస్తా మీద పడి నవ్విండు.

తెల్లారి నేను కోహీర్ పోలే. కొలిచేటాయన వచ్చి, ఊకె నిలబడ్డ నన్ను చూసి, సున్నా కొస నా చేతిల పెట్టిండు. రోడ్డుకు అవతల మురికినీళ్ల మోరీ కాడ నేను, డబ్బా కాడ ఆయన. రత్నమ్మ కండ్లు నా బొటనవేలు మీద. ఎందుకైనా మంచిదని గట్టిగ పట్టి, ఉన్న బలమంత పెట్టి లాగిన.

"రోడ్డు రెండు వేళ్లు తక్కువొస్తున్నది" అన్నడాయన. "డబ్బా తియ్యాలె."

"లాగకు అన్నా, లాగకు!" రత్నమ్మ గంటె ఇసిరికొట్టి మొత్తుకున్నది. "నాకు కోహీర్ దగ్గరికి రావొద్దు, డబ్బా ఉంటే చాలు! వదులు!"

బొటనవేలు జర తీసిన, టేపు వదులైంది. ఆయన టేపు సదురుకొని మళ్ల సదివిండు. రోడ్డు సరిపోయింది. సున్నం గీత డబ్బాను తాకకుంట ముందటి నుంచి పోయింది.

ఆయన పోయినంక రత్నమ్మ నాకు మీగడేసి చాయ్ ఇచ్చింది.

"చూసినవా చెల్లే" అంటిని, "డబ్బా నిలిచింది నా వేలుతోనే."

"ఔ అన్నా" అన్నది, గంటె కడుక్కుంట. "తీసినవు గనుక."