హంసవేణి గారి పడవ

సినిమావాళ్ళెవరైనా పోయారని తెలిస్తే, పెదపాడు సెంటర్లో టీకొట్టు ఖాదరు ఆ రోజు రెండు లీటర్లు పాలు ఎక్కువ పోయించుకుంటాడు. పోయినవాళ్ళ మీద గౌరవం లేక కాదు. అలాంటి రోజు నిత్యానందం గారు తప్పకుండా వస్తారు. ఆయన వస్తే జనం ఆగుతారు. ఆగిన జనం ఒక్క టీతో లేవరు.

మొన్న వేసవిలో ఓ పెద్ద గాయకుడు పోయినప్పుడు, ఆయన గొంతు పట్టేస్తే ఏలూరు స్టేషన్లో శొంఠీ మిరియాలూ నూరి నోట్లో వేసింది తనేనని చెప్పాడు నిత్యానందం. వినాయక చవితి ముందు ఓ దర్శకుడు పోతే, ఆయన మొదటి సినిమా కథ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల మీద కూర్చుని తనే చెప్పానన్నాడు. ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాళ్ళు అప్పటికే పోయారు కదా.

ఈసారి పోయింది నటి హంసవేణి. డెబ్భై ఆరేళ్ళు. పొద్దుటి నుంచి టీవీలన్నీ ఒకటే ముక్క తిప్పి తిప్పి వేస్తున్నాయి. తెల్లచీర కట్టిన మనిషి మనకి వీపు పెట్టి, చిన్న పడవలో నిలబడి గెడ వేసుకుంటూ, కిక్కిస గడ్డిలోకి వెళ్ళి వెళ్ళి కనబడకుండా పోతుంది. అంతే సీను. కానీ ఆ సీను తీసింది కొల్లేటికోట దగ్గర, నలభై ఏళ్ళ కిందట. అందుకని ఆవిడ పోవడం పెదపాడుకి కొంచెం సొంత విషయంలా తోచింది. యువజన సంఘం మధుబాబు సాయంత్రం సెంటర్లో సంతాప సభ పెట్టిస్తున్నాడు. ఏలూరు నుంచి లోకల్ చానల్ వాళ్ళు కూడా వస్తామన్నారు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఒక్కరైనా మైకులో మాట్లాడాలి. అందుకే మధుబాబు నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని నిత్యానందం ఎదురుగా కూర్చున్నాడు.

ఖాదరుకి అది నచ్చలేదు. టీకొట్టులో కోతలు టీ చల్లారేసరికి పోతాయి. చానల్లో కోస్తే ఊరంతా మొయ్యాలి. గ్లాసులు కడుగుతూ వింటున్నాడు.

"నేను చేసింది చాలా చిన్న పనండి, గొప్ప చెప్పుకోకూడదు," అని మొదలెట్టాడు నిత్యానందం. "ఆవిడ పడవెక్కడానికి భయపడుతుంటే, అమ్మా, కాలు నడిమధ్యన వెయ్యండి, అంచు మీద వెయ్యకండి అన్నాను. అంతే. ఆ ఒక్క మాటకి ఆవిడ నా వైపు చూసి, ఈయన్ని ఇక్కడే ఉంచండి అన్నారు. ఇక దర్శకుడు గారు నన్ను కదలనిస్తారా? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి బాబాయ్," అన్నాడు మధుబాబు.

"గాలి! కొల్లేటి గాలి మీకు తెలియంది కాదు. కెమెరా ఆయనేమో పడవ నిలకడగా ఉండాలంటాడు, లంగరు వేద్దామంటే తాడు కనబడుద్ది, ఇద్దరు మనుషుల్ని పెడదామంటే తలకాయలు కనబడతాయి. దర్శకుడు గారు తల పట్టుకుని కూర్చున్నారు. చూసి చూసి నేను చొక్కా విప్పేసి, తామరతూడు ఒకటి విరిచి నోట్లో పెట్టుకుని, ఊపిరి దాంట్లోంచి పీల్చుకుంటూ పడవ అడుగుకి వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నానండి. గోడకి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది."

బెంచీ చివర కూర్చున్న నెల్సన్ మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఆయన చెయ్యెత్తినంత పని చేశారు. "టీవీలో పడవ కదుల్తోంది కదండీ?"

"నేను నడిపిస్తే కదిలిందండి మాస్టారూ. ఊరికే కదుల్తుందా?"

"ఎంతసేపున్నారండీ కింద?"

"షాటు పది నిమిషాలేనండి. కానీ షాటయ్యాక నన్ను మర్చిపోయి భోజనాలకి వెళ్ళిపోయారు. అరటాకులు వేసుకుని, పప్పూ చేపల పులుసూ తిని, కిళ్ళీలు నమిలి, ఓ కునుకు తీసి వచ్చేదాకా నేనక్కడే. ఇంత గాలికి ఆ పడవ కదలదేంటని అనుమానం వచ్చి వంగి చూస్తే, నేను! అప్పటికి రెండు కొరమేనులు నా లాగు జేబులో కాపురం పెట్టేశాయి."

జనం నవ్వారు. ఖాదరు ఇంకో నాలుగు టీలు పోశాడు. చేపల దానమ్మ కూడా ఓ గ్లాసు తీసుకుంది. పుట్టిల్లు కొల్లేటికోట, పెదపాడుకి కోడలిగా వచ్చి ఎన్నేళ్ళో అయింది. రోజూ సెంటర్లో చేపలమ్ముకుని, బుట్ట మీద తడి గోనె కప్పి, ఇక్కడ ఓ టీ తాగి ఇంటికి పోతుంది. ఇవాళ టీ తాగడం లేదు. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని గోడకున్న టీవీ వైపు చూస్తోంది. టీవీలో తెల్లచీర మళ్ళీ కిక్కిసలోకి పోతోంది.

"తర్వాత దర్శకుడు గారికి ఆకాశం బోసిగా ఉందని దిగులండి," అన్నాడు నిత్యానందం. "గూడబాతులుంటే బాగుణ్ణు అన్నారు. దానికేం భాగ్యం అని రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక్క ఈల వేశాను. ఆటపాక వైపు నుంచి తెల్లటి మబ్బులా లేచి వచ్చేశాయి. టేకు బాగా రాలేదు, మళ్ళీ అన్నారు. మళ్ళీ ఈల. అవే పక్షులు, అదే వరస. కంటిన్యుటీ అంటారే, అది. మూడోసారి మాత్రం దర్శకుడు గారు కళ్ళు చిట్లించి, ఎడం నుంచి నాలుగోది తగ్గిందే అన్నారు. అది పాపం గుడ్లు పొదుగుతోందండి. నేనే వెళ్ళి, నువ్వెళ్ళి షాటులో ఉండి రామ్మా, నేను చూసుకుంటానని గుడ్ల దగ్గర కూర్చుని పంపించాను."

"గుడ్ల మీద కూర్చున్నారా!" అన్నాడు మధుబాబు రాస్తూ రాస్తూ.

"దగ్గర అన్నానయ్యా. దగ్గర అని రాయి. అబద్ధం రాయకు."

నెల్సన్ మాస్టారికి పొలమారింది. వీపు మీద ఎవరో తట్టారు. నిత్యానందం ఆయన దగ్గు ఆగేదాకా మర్యాదగా ఆగి, అప్పుడు గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి ఏడుపండి. గ్లిజరిన్ సీసా నీళ్ళలో పడిపోయింది. ఆవిడకి కన్నీళ్ళు రావట్లేదు. పొద్దు వాలిపోతోంది. నేను దగ్గరికెళ్ళి మా నాయనమ్మ ఎలా పోయిందో రెండు ముక్కల్లో చెప్పాను. రెండే ముక్కలు. ఇక ఆవిడ ఏడుపు చూడండీ, షాటయింది, ప్యాకప్ అన్నారు, లైట్లు లారీ ఎక్కించారు, ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు. కొల్లేరు జానెడు లేచింది! చేపల చెరువులవాళ్ళు గట్ల మీద మట్టి వేసుకుంటూ నన్ను తిట్టుకున్నారు. ఆ ఏడే కదండీ కొల్లేరు నీళ్ళు ఉప్పగా మారింది? సముద్రం పోటెక్కి ఉప్పుటేరు మీదుగా వచ్చిందని ఇంజనీర్లు రాసుకున్నారు. రాసుకోనివ్వండి పాపం. ఆ ఉప్పు ఎక్కడిదో నాకు తెలుసు."

ఇంత కోతలోనూ ఆయన కళ్ళు చెమర్చడం ఖాదరు చూశాడు. తన మాట తనే నమ్మేటప్పుడు ఆయనకి అలా అవుతుంది.

"మొన్న హైదరాబాదులో ఆఖరి నిమిషంలో కూడా, నిత్యానందం వచ్చాడా అని అడిగారంటండి."

"మీకెవరు చెప్పారండీ?" అన్నారు నెల్సన్ మాస్టారు.

"ఫోనొచ్చింది."

"ఎవరు చేశారు?"

"ఆవిడే చేశారు."

"పోయాకా?"

"పోయే ముందండీ! పోయాక ఎలా చేస్తారు, మీరు మరీనూ. ఇదిగో మధూ, ఇదంతా సాయంత్రం మైకులో చెబుతాను. నా పేరు ముందు 'ఆప్తులు' అని పెట్టు."

మధుబాబు రాసుకున్నాడు. అప్పుడు దానమ్మ గ్లాసు బెంచీ మీద పెట్టింది. పోసిన టీ పోసినట్టే ఉంది.

"నిత్యానందం గారూ, మీరేమీ అనుకోకండి. ఆ పడవలో ఉంది నేనండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ టీవీ వైపు గడ్డం చూపించింది. "పొద్దుట్నుంచి చూపిస్తున్నారే, ఆ వీపు నాది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. హంసవేణమ్మ గారికి నీళ్ళంటే భయమంట, గెడ వెయ్యడం రాదంట. ఆవిడంత పొడుగు పిల్ల కావాలని మా కొల్లేటికోటలో వెతికి నన్ను తీసుకెళ్ళారు. ఆవిడ చీరే కట్టించారు. వెనక్కి మాత్రం తిరగొద్దు, తిరిగితే నీ మొహం పడిపోద్ది, ఫిల్ము పాడైపోద్ది అన్నారు."

నిత్యానందం ఒక్క క్షణమే తడబడ్డాడు. "అదే కదండీ నేనూ చెప్పేది! మీ పడవ కిందే నేను..."

"ఎండాకాలమండి. మోకాలి లోతు నీళ్ళు. మీరు బోర్లా పడుకున్నా వీపు పైకే ఉంటది." ఆవిడ గొంతులో వెక్కిరింత లేదు. చేప ధర చెప్పినట్టు చెబుతోంది. "మీరు గట్టు మీదున్నారు. నేను చూళ్ళేదు, విన్నాను. ఐసుఫ్రూటు బండి బూర మోగింది. ఎవడ్రా ఆ ఐసుబండోడు, బూర ఆపరా అని కెమెరా ఆయన కేకేశాడు. ఆ రోజుల్లో మా కోటకి ఐసుబండి మీదొక్కటే కదండీ."

కొట్టంతా ఘొల్లుమంది. నెల్సన్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మధుబాబు రాసిన పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, కొత్త పేజీ తిప్పాడు. "అత్తా, సాయంత్రం నువ్వు రా. నువ్వే మాట్లాడు."

"నేనేం మాట్లాడతానయ్యా? ఆవిణ్ణి నేను చూళ్ళేదు. నా వెనకే గట్టు మీద గొడుగు కింద కూర్చున్నారన్నారు. వెనక్కి తిరగొద్దన్నారు, తిరగలేదు. పడవ తిప్పుకొచ్చేసరికి కారు వెళ్ళిపోయింది."

నవ్వు సన్నగిల్లింది. దానమ్మ నిత్యానందం వైపు తిరిగింది. "మీరు గట్టు మీదే ఉన్నారు కదండీ. ఎలా ఉన్నారు ఆవిడ?"

ఆయన నోరు తెరిచాడు. ఇప్పుడు వచ్చేది మామూలు కోత కాదని ఖాదరు పాలగిన్నె కింద మంట తగ్గించి నిలబడ్డాడు. నిత్యానందం తెరిచిన నోరు మూసి, మోకాళ్ళ మీద పంచె సర్దుకున్నాడు.

"జనం అడ్డమండి," అన్నాడు చివరికి. "బండి స్టాండేసి సీటు మీదెక్కి కూడా చూశాను. నాకూ గొడుగే కనబడింది. నల్ల గొడుగు."

"నల్లదాండీ," అంది దానమ్మ. బుట్ట మీద గోనె సర్దుకుంది. "ఇన్నేళ్ళూ నేను పువ్వుల గొడుగనుకున్నాను."