బందరు నుంచి గోలకొండ ఆరు నెలలు

నాంచారి అని బందర్లో బట్టల మీద పూలచ్చులద్దే ఆవిడ ఉండేదంట. దాని మొగుడు వీరాసామి ఆ బట్టలు ఎప్పుడూ ఊళ్ళోనే అమ్ముకునేవోడు, ఆ ఏడు ఎవరో ఆశ పెడితే తొలిసారి గోలకొండకి మూట మోసుకుపోయాడు. పోయినోడు రాలా. ఏమైందంటే, ఒక బైరాగి వచ్చి, అమ్మా, నీ మొగుడు గోలకొండ సత్రంలో జొరంతో పడున్నాడు, నిన్ను చూడాలని కలవరిస్తన్నాడు అని చెప్పి తన దోవన తను పోయాడంట. ఎంత దూరమో అడగాలనైనా దానికి తోచలా. అప్పుడు ఊరి బయట గొర్రెలాయన కనపడితే, అన్నా, గోలకొండ ఎంత దూరం అని అడిగింది. నేను అక్కణ్ణించే వస్తన్నా, ఎంత గబగబా నడిచినా ఆరు నెలలు అన్నాడంట ఆయన. నవ్వకండే, చేతులు ఆపకుండా ఇనండి, మిరపకాయలు అట్టనే ఉన్నాయి. ఆయన అబద్ధమాడలా. మందని తోలుకొస్తంటే దారెంబడి ప్రతి రైతూ ఎరువుకోసం మా చేలో నాలుగు రాత్రులు మంద కట్టు అని ఆపుతాడా, ఆపితే ఈయన ఆగుతాడా, ఇంక ఆరు నెలలు కాక ఏమవుద్ది. పాపం దానికేం తెలుసు. ఆరు నెలలకి మనిషి ఉంటాడా అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడ్చి, లేచి, ఇంటికి తాళమేసి, గోలకొండకి ఉప్పు మోసే ఎద్దులు పోయే బాట పట్టుకుని బయల్దేరింది.

దారిలో ఎవర్నీ అడగలా. ఇంకా అయిదు నెలలంటారేమో, ఇంటే కాళ్ళాడవని బయమంట. తలొంచుకుని నడవటమే అనుకో. రెండు వారాలు దాటిందో లేదో, పెద్ద కోట గోడ అడ్డమొచ్చింది. గుమ్మం కాడ సీతాఫలాల ముసలమ్మని ఇది ఏ ఊరమ్మా అనడిగితే, గోలకొండ అంది. నాంచారికి ఒళ్ళు మండింది. కష్టంలో ఉన్న దానితో ఏళాకోళమా అని, కోటని పక్కన పెట్టి ముందుకే పోతందంట, చూడండి దాని ఖర్మ. ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. నేను పుట్టిన కాణ్ణించీ ఈ ఊరు ఇక్కడే ఉందే, నీకెవరు కావాలో చెప్పు అంది. బందరు వీరాసామి అంటే, ఓ ఆ జొరం మనిషా, నిన్నటి నించే గంజి తాగుతన్నాడు, ఆ కనపడేదే సత్రం అంది. అప్పుడు పరిగెత్తింది చూడు.

వాడు గోడకి ఆనుకుని కూర్చోనున్నాడు. ఇది వాడి బుజమ్మీద రెండు దెబ్బలేసి, మీద పడి బావురుమంది. బతికున్నావా, బతికున్నావా అని అదే మాట. గుండెల మీంచి బరువు దిగినట్టయి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆకలి కూడా అప్పుడే తెలిసింది. గొర్రెలాయన మాట చెప్తే వాడు నవ్వబోయి ఆగిపోయాడంట.

"ఆరు నెలలని తెలిసే బయల్దేరావా?" అన్నాడు.

"మరి ఏం చెయ్యను?" అంది.

వాడు దాని పాదాలు ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు తీస్తా కూర్చున్నాడు.

నన్నడిగితే గొర్రెలాయన్ని ఒక్క మాట అనను. రెండు వారాలంటే ఎవత్తైనా ఎళ్ళుద్ది. మా ఇంటాయన్ని పక్కూరి సంతకి రమ్మంటేనే మోకాళ్ళు పట్టుకుంటాడు, ఆయన సంగతి ఎత్తకండి.