కొవ్వొత్తి ఎవరు పట్టుకుంటారు

(ఇస్త్రీ దుకాణం వెనక గది, శనివారం మధ్యాహ్నం. భార్య ఒక తెల్లటి అంగీ ఇస్త్రీ చేస్తోంది. భర్త బట్టల మూటల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు. రేపు ఉదయం చర్చి పూజలో అతనికి జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం. దుకాణంలో పనిచేసే పెద్దాయనను ఆమె బాబాయ్ అంటుంది, అతను మావయ్య అంటాడు.)

“అన్నీ పోతాయా?”

“అన్నీ పోతాయి. పుట్టుకతో వచ్చిన జన్మపాపం, మనం చేతులారా చేసుకున్న కర్మపాపం, మొత్తం. తల మీద నీళ్ళు పడ్డాక మనిషి అప్పుడే పుట్టినట్టేనట. ఫాదర్ గారే చెప్పారు.”

“ఎవరికీ చెప్పుకోకుండానే?”

“చెప్పుకోకుండానే. జ్ఞానస్నానానికి ముందు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం అక్కర్లేదట. పశ్చాత్తాపం ఉంటే చాలు. మిగతాది నీళ్ళే చూసుకుంటాయి.”

“నీళ్ళే చూసుకుంటాయి. బాగుంది. నెలల పిల్లప్పుడే మా అమ్మ నా నెత్తి మీద పోయించేసింది. నాకిప్పుడు ఆ వీలు లేదు.”

“నీకేం తక్కువే. పాపసంకీర్తనం ఉంది కదా. వెళ్ళి మోకాళ్ళేసి నాలుగు మాటలు చెబితే…”

“ఆ నాలుగు మాటలే కదండీ బయటికి రానివి. మీరు లేవండి, అంగీ పొడవు చూడాలి. కాళ్ళకి అడ్డం పడేలా ఉంది.”

“పడితే పడనీ.”

“ఫాదర్ గారి ముందు బోర్లా పడతారా? నిటారుగా నిలబడండి… మొగుడూ పెళ్ళాలం ఇద్దరం చేసింది ఒకటే పని. మీది నీళ్ళతో పోతుంది. నాది నోటితో చెబితేగానీ పోదు. ఇదెక్కడి లెక్కండీ?”

“నెమ్మదిగా మాట్లాడు. ముందు గదిలో మావయ్య ఉన్నాడు.”

“లేడు. బాబాయ్ టీ తేవడానికి వెళ్ళాడు. మీకెందుకా కంగారు? నేనే కదా చేసింది.”

“ఇద్దరం అన్నావుగా ఇప్పుడే.”

“దుకాణం తగలబెట్టింది నేను. నోరు మూసుకున్నది ఇద్దరం. చెయ్యి దించండి.”

“ఎప్పుడో అయిపోయిన సంగతి. రేపటి గురించి మాట్లాడుకుందాం.”

“రేపటి గురించే మాట్లాడుతున్నాను. ఆ సాయంత్రం బాబాయ్ పని ముగించుకుని వెళ్ళాడు. నేను చెల్లి పెళ్ళికని నా జాకెట్టు ఇస్త్రీ చేసుకుని, పెట్టె అలాగే వదిలేసి పరిగెత్తాను.”

“అలాగే వదిలేశావని నీకు గుర్తుందా?”

“ఆపినట్టు గుర్తు లేదు.”

“వదిలేసినట్టు గుర్తుందా అని అడుగుతున్నాను.”

“ఆపి ఉంటే ఎందుకు తగలబడుతుందండీ? ప్లగ్గు గోడకే కరిగిపోయి ఉంది. మీరూ చూశారు కదా. ఎన్నిసార్లు అడుగుతారు ఇదే ప్రశ్న?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే అడగకండి. మనం పెళ్ళి దగ్గర ఉన్నాం, మీరు అప్పుడే వచ్చారు స్కూటరు పంక్చరైందని…”

“పంక్చరైంది.”

“అయిందనే అంటున్నాను. ఇక్కడ మంటలు చూసి బాబాయ్ ఒక్కడే లోపలికి దూకాడు, ఎవరి బట్టలో బయటికి లాగుదామని. కుడిచెయ్యి కాల్చుకున్నాడు. తెల్లారి కట్టుతో వచ్చి, ఆ బూడిదలో చతికిలబడి, ‘నేనే ఆపడం మర్చిపోయి ఉంటానమ్మాయ్’ అన్నాడు. బిల్డింగు ఓనరు విన్నాడు, వీధంతా విన్నది.”

“మనం అనలేదు. ఆయనంతట ఆయనే అన్నాడు.”

“మనం కాదనలేదు.”

“ఈ అంగీ భుజాల దగ్గర బిగుతుగా ఉంది.”

“కాదనడానికి నా నోరు పెగల్లేదు. మీరు నా పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. అంతే. అప్పట్నుంచి ఆయన ఇస్త్రీ పెట్టె ముట్టలేదు. అంత పనివాడు, ఇప్పుడు మడతలు పెట్టుకుంటూ కూర్చుంటున్నాడు. పైగా వచ్చినవాళ్ళంతా నాతో ఏమంటారో తెలుసా? ‘దుకాణం కాల్చినవాణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకున్నారు, మీది పెద్ద మనసమ్మా’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా భూమిలోకి కుంగిపోతున్నట్టుంటుంది.”

“నాకుండదా?”

“మీకు రేపటితో పోతుంది కదా.”

“ఎత్తిపొడవకు.”

“ఎత్తిపొడవట్లేదండీ. కుళ్ళుకుంటున్నాను. నిజంగానే కుళ్ళుకుంటున్నాను. పాపం చెప్పుకోకుండా పూజలో సత్ప్రసాదం నోట పెట్టుకోకూడదని, నేను తీసుకుని ఎన్నేళ్ళయిందో మీకు తెలీదు. అందరూ వరసలో లేచి వెళ్తుంటే నేను మోకాళ్ళ మీద ఉండిపోతాను. వదిన అడిగితే ఒకసారి దగ్గన్నాను, ఒకసారి ఉపవాసం మర్చిపోయి ఇంట్లో టీ తాగేసి వచ్చానన్నాను.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“నువ్వు లేవవని తెలుసు.”

“మీకెలా తెలుసు? చర్చి గేటు బయట స్కూటరు మీద కూర్చునేవారు కదా.”

“పక్క కిటికీలోంచి నీ బెంచీ కనబడుతుంది.”

“చూస్తుండేవారా?”

“ప్రతి ఆదివారం. ఈసారైనా లేస్తుందేమోనని.”

“మరి ఒక్కసారైనా అడగలేదే.”

“అడిగితే నువ్వు చెబుతావు. చెబితే నేనేం చెయ్యను?”

“ఓదారుస్తారు. ఇంకేం చేస్తారు? ఆ రాత్రి చెయ్యలేదూ? నేనేనండీ కాల్చింది అని మీ కాళ్ళ దగ్గర పడి ఏడిస్తే, ఒక్క మాట అనలేదు నన్ను. ‘ఎవరికీ చెప్పకు, నేనున్నాను’ అన్నారు. ఇంకో మగాడయితే…”

“ఆ మాట ఎత్తకు.”

“ఎందుకు ఎత్తకూడదు? ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను.”

“ఎత్తకన్నానా.”

“సరే, ఎత్తను. ఆ చెమటేంటి? అంగీ మరకవుతుంది, తీసేయండి… ఫాదర్ గారు ఇంకేమన్నారు?”

“ఎప్పుడు?”

“పాపాలన్నీ పోతాయన్నాక.”

“ఏమంటారు, బిస్కెట్లు తినమన్నారు.”

“ఏవండీ.”

“ఒక మాట అడిగాను. నాకో స్నేహితుడున్నాడు ఫాదర్, వాడు ఒకరికి అన్యాయం చేశాడు, జ్ఞానస్నానం తీసుకుంటే అదీ పోతుందా అని.”

“స్నేహితుడా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆయన నవ్వలేదూ?”

“నవ్వలేదు. మీ స్నేహితుణ్ణి కూడా క్లాసుకి తీసుకురండి అన్నారు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“ఉంది. మీ మొహం చెబుతోంది.”

“… పాపం పోతుందన్నారు. కానీ పక్కవాడికి చేసిన నష్టాన్ని నీళ్ళు కడగవన్నారు. అది మనమే వెళ్ళి సరిచెయ్యాలట. దేవుడి వరప్రసాదం ఉచితంగానే వస్తుంది, కానీ వచ్చాక ఊరికే కూర్చోనివ్వదు అన్నారు.”

“ఈ మాట నాకు చెప్పకుండా మింగేశారు.”

“చెబుదామనే అనుకున్నాను.”

“ఎప్పుడు?”

“రేపు. అయిపోయాక.”

“రేపు బాబాయే మీకు జ్ఞానతండ్రి. ఆ కాలిన చెయ్యే మీ భుజం మీద వేసి నిలబడతాడు. అప్పటిదాకా ఆగి, అయ్యాక చెబుతారా? నేనాగలేను. ఆయన రాగానే చెప్పేస్తాను.”

“ఒక్కరోజు ఆగు. నీకు దణ్ణం పెడతాను.”

“ఎందుకాగాలి?”

“నేను… ముందు నేను ఒకటి… ఆగమన్నప్పుడు ఆగొచ్చు కదే.”

“ముందు మీరేమిటి?”

“అదిగో, తలుపు.”

“అమ్మాయ్, టీ. గ్లాసులు జాగ్రత్త, కాలుతున్నాయి. అల్లుడూ, ఏది, ఆ అంగీ వేసుకునే నిలబడు. అబ్బో, పెళ్ళికొడుకులా ఉన్నావయ్యా. రేపట్నుంచి మావయ్యా గీవయ్యా కుదరదు. నాన్నా అనాలి.”

“కూర్చోండి మావయ్యా.”

“కూర్చోవడానికే వచ్చాను. మీ ఇద్దరితో ఒక మాట చెప్పాలి. ఏమనుకోరు కదా?”

“నేనూ నీతో ఒక మాట చెప్పాలి బాబాయ్.”

“ముందు నన్ను చెప్పనీ అమ్మాయ్, మళ్ళీ ధైర్యం చాలదు. చర్చిలో ఉపదేశి గారు పొద్దున అంతా నేర్పించారు, ఎక్కడ నిలబడాలో, ఏం చెప్పాలో. భుజం మీద చెయ్యేస్తాను. పేరడిగితే చెబుతాను. చివర్లో కొవ్వొత్తి ఉంది చూడూ, పీఠం దగ్గర పెద్ద కొవ్వొత్తి నుంచి వెలిగించి అల్లుడి చేతికివ్వాలట జ్ఞానతండ్రి.”

“అవును.”

“ఆ ఒక్కటీ వేరేవాళ్ళని చెయ్యమందాం.”

“ఎందుకు మావయ్యా?”

“ఎందుకేమిటయ్యా, నీకు తెలీదా? నీ దుకాణాన్ని కాల్చిన చెయ్యి ఇది. ఈ చేత్తో నీకు నిప్పిస్తే చూసేవాళ్ళేమనుకుంటారు? వాళ్ళ సంగతి వదిలెయ్, నాకే భయం. ఇంట్లో స్టవ్వు కూడా మీ పిన్నే వెలిగిస్తుంది, అమ్మాయ్. నేను అగ్గిపుల్ల గీసి ఎన్నాళ్ళయిందో.”

“బాబాయ్…”

“ఫాదర్ గారికి చెప్పుకోలేదనుకోకు. చెప్పుకున్నాను. క్షమించారు కూడా. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ క్షమించారు. మూడోసారి వెళితే తిట్టారు. దేవుడు ఒకసారి క్షమించిందాన్ని నువ్వు తవ్వి తెస్తావేమిటయ్యా అన్నారు. నిజమే కదా. కానీ నాకది అంటుకోవట్లేదు అమ్మాయ్. అందరికీ పనిచేసేది నాకెందుకు పనిచెయ్యదు? బయటికి రాగానే ఎక్కడిదక్కడే ఉంటుంది బరువు. నా పశ్చాత్తాపంలోనే ఏదో లోటుంది. అలాంటివాణ్ణి జ్ఞానతండ్రిగా పెట్టుకోవడమే మీ మంచితనం.”

“బాబాయ్, ఇంక మాట్లాడకు. నీకు దణ్ణం పెడతాను.”

“ఏడుస్తావేంటి? కొవ్వొత్తి ఒక్కటే వద్దన్నాను.”

“నీకెందుకు అంటుకోలేదో నాకు తెలుసు. నీలో లోటేం లేదు. అది నీ పాపం కాదు.”

“అంటే?”

“వద్దే. ఆగు.”

“మీరుండండి. ఆ సాయంత్రం నువ్వు పెట్టె ఆపేసే వెళ్ళావు బాబాయ్. నీ తర్వాత నేను పెట్టాను, నా జాకెట్టు కోసం. చెల్లి పెళ్ళి తొందరలో ఆపకుండా వెళ్ళిపోయాను. కాల్చింది నేను. నువ్వు బూడిదలో కూర్చుని నీ మీద వేసుకుంటుంటే, నిలబడి చూశాను.”

“… నేను ఆపానా?”

“ఆపావు. నేను వచ్చేసరికి పెట్టె చల్లగా ఉంది.”

“ఆపానా నేను.”

“ఆపావు బాబాయ్.”

“మీ పిన్నికి చెప్పాలి. అది మొదట్నుంచీ అంటూనే ఉంది, నువ్వు మర్చిపోయే మనిషివి కాదయ్యా అని. నేనే కసిరేవాణ్ణి… అల్లుడూ, ఇది నీకు తెలుసా?”

“తెలుసు మావయ్యా.”

“మొదట్నుంచీ?”

“మొదట్నుంచీ.”

“ఇద్దరూ నన్ను రోజూ చూస్తూ.”

“నన్ను కొట్టు బాబాయ్. తిట్టు. అలా నెమ్మదిగా మాట్లాడకు.”

“కొడితే నాకేమొస్తుంది అమ్మాయ్. కోపం వస్తోంది. రాకుండా ఎలా ఉంటుంది. కానీ ఈ బరువెలా ఉంటుందో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలీదు. నువ్వూ ఇన్నాళ్ళూ మోశావు కదా. సత్ప్రసాదానికి లేవకపోతే ఒంట్లో బాలేదేమో అనుకునేవాణ్ణి. లే. కాళ్ళు వదులు. తొందరలో మర్చిపోయావు, ఆ తర్వాత భయపడ్డావు. నేను నిన్ను క్షమి…”

“ఆగండి మావయ్యా. తనని క్షమించకండి.”

“అదేం మాటయ్యా? కట్టుకున్న పెళ్ళాన్ని.”

“క్షమించినా తనకీ అంటుకోదు. తనూ ప్లగ్గు పీకి, వైరు చుట్టి, తాళం వేసే వెళ్ళింది. ఆ తర్వాత తాళం తీసి, నా చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెట్టె ఆపకుండా వెళ్ళింది నేను.”