ఉత్తర కార్తెల లేచే అల

"బాపమ్మా, ఫోన్ల సూడు. వీళ్ళు చెక్క మీద నిలవడి అల మీద ఉరుకుతున్నరు. మన నదిల గిట్ల ఆడచ్చా? ఏ కాలం మంచిది?"

ఏదీ, జర దగ్గరికి పట్టు. నా కండ్లకు అంత మసకనే. అబ్బో, నిలవడే ఉరుకుతున్నడు గదనే పోరడు! మేం బోర్ల వడుకొని పోతుంటిమి. ఎందుకట్ల నవ్వుతున్నవ్? నీ బాపమ్మ ముసల్దై పుట్టిందనుకున్నవా? నవ్వు నవ్వు. రికార్డు పెట్టినవా? పెట్టు మరి, మల్ల మల్ల చెప్ప నేను.

మనది సముద్రంల అల అసువంటిది కాదు. అది వస్తది, పోతది. మనది ఒక్కకాడనే లేచి ఉంటది. మన ప్రాణహిత పోయి గోదారిల కలుస్తది సూడు, ఆడ లోపట ఇసుక మెట్ట కడ్తది. నీళ్ళు దాని మీదికెల్లి ఎక్కి దిగుతయ్. మీ మరాఠీ బడిల ఏమంటరు, లాటనా? ఆ, గదే. మేం అల అనే అంటుంటిమి. "అల లేచిందట" అంటె ఇగ పిల్లలు ఒక్కలు ఇంట్ల నిలువకపోయేది.

కాలం అడుగుతున్నవా? మిరుగం కార్తెల తొలకరికి కొత్త నీళ్ళొస్తయ్, అప్పుడు పోవద్దు. అడవి అడవే కొట్టుకొస్తది ఆ నీళ్ళల్ల, మొద్దులు, పాములు. ఓసారైతె ఓ మేకపిల్ల మొద్దు మీద కూసోని వచ్చింది. మా బాపు, పడవ నడిపేటోడు తెలుసు గద, దాన్ని పట్టుకొచ్చి సాదిండు. అది పెద్దగైనంక పడవ ఎక్కమంటె ఎక్కకపోయేది, నీళ్ళంటె భయం దానికి... ఏం చెప్తున్న? ఆ, కాలం. పుష్యాల, ఆశ్రేషల రెండు నదులు కొట్లాడుకుంటయ్, అప్పుడు ఒడ్డుకు కూడ పోవద్దు. మఖ పోవాలె, పుబ్బ పోవాలె. ఉత్తర రావాలె. అప్పుడు నీళ్ళు దిగుడు మొదలువెడ్తయ్, పడమటి గాలి పడిపోతది. పొద్దుగాల పోయి సూస్తె అటు ఎర్ర నీళ్ళు, ఇటు తెల్ల నీళ్ళు, నడుమ గీత గీసినట్టు. ఆ గీత కాడ అల. నున్నగ ఉంటది. మెల్లగ ఊ... ఊ... అంటది. ఒక్కోసారి నిద్రల ఇప్పటికీ ఇనవడ్తది నాకు. హస్త దాక ఉంటది. చిత్తల ఇసుక బయటవడ్తది, ఇగ అల లేదు ఏం లేదు.

పోయే ముందు తంగేడు పువ్వు ఒకటి నీళ్ళల్ల ఏస్తుంటిమి. పువ్వు ఆ గీత పట్టుకొని పోయిందా, మంచిది. గిర్రున తిరిగి మునిగిందా, వాపస్ ఇంటికి. ఎంత మొండోళ్ళైనా పువ్వు మాట దాటకపోయేది.

బోర్ల వడుకునే పలక ఏడిదంటవా? మా బాపు పాత పడవ ఇప్పినప్పుడు కూసునే పలక ఒకటి మిగిలింది. అల్లపల్లి టేకు అది. కరీం చాచా అని మంచాలు చేసేటోడు ఉంటుండె మన గల్లిల. ఆయనే రందా పట్టి ముందటి కొన గుండ్రంగ చేసిచ్చిండు. "బేటీ, తల భద్రం" అన్నడు. మంచి మనిషి.

ఆటకు పోయిననుకుంటున్నవ్ నువ్వు. ఆట కూడ అనుకో. గని నేను పోయింది మా లచ్చక్క కోసం. నాకు నడక రాకముందే నన్ను కన్న మా అవ్వ పోయింది. నన్ను సాదింది అక్కనే. బువ్వ ఆమెనే, జడ ఆమెనే, దెబ్బలు ఆమెనే. అసువంటి అక్కను గోదారి అవతలికి ఇచ్చిండ్రు. మిరుగం పడంగనే పడవ బందు. మల్ల పడవ దసరాకే. అన్ని దినాలు అక్క మొఖం లేదు. ఒడ్డుకు పోతె అవతల పొగ కనవడేది. అది అక్క పొయ్యి పొగనే అనుకొని నిలవడేదాన్ని.

గని పడవకంటె ముందు అల లేస్తది గద! అల దిగినంక పక్క నీళ్ళు మనల్ని పట్టి నడుమ ఇసుక దిబ్బ మీదికి నూకుతయ్. దిబ్బకు అటు దిక్కు మోకాలెత్తు నీళ్ళే. అక్కకు ఎరుకే. ఉత్తర రాంగనే ఆమె అటు ఒడ్డున కావలి కాసేది. పలక మీద బోర్ల వడుకొని... ఎట్ల చెప్పాలె నీకు... అల మీదికి ఎక్కినంక జరసేపు ఒంట్ల బరువే ఉండది. మొఖం మీద ఎండ, కడుపు కింద నీళ్ళు, అవతల అక్క ఎర్ర చీర. అంతే. ఇంకేం యాదికి రాకపోయేది. దిబ్బ మీద పడంగనే అక్క నీళ్ళల్ల ఉరికొచ్చి ఈపు మీద ఒక్కటి సరిచేది. "సచ్చిపోతవే పిచ్చిదానా!" అనేది. మల్ల అదే చేత్తోని కొంగు పట్టి తల తుడిచేది. ఎంత గట్టిగనో, తోలు ఊడొచ్చేటట్టు. తుడుసుకుంట ఏడ్సేది. ఇగ దసరాకు పడవ పడేదాక అక్క ఇంట్లనే నేను. వాపస్ వస్తె బాపు తిట్టేటోడు, గని ఆ పలకను ఎన్నడు పొయ్యిల పెట్టలే.

ఇప్పుడు వంతెన అయింది. మంచిగయింది, నేనేం కాదంటలే. ఆటో ఎక్కితె అక్క ఇంటి ముందట దిగుడే. అల కూడ ఓ ఏడు లేస్తది, ఓ ఏడు పడుకుంటది. మొన్న ఎండకాలం మీ నాయిన నన్ను తోల్కపోయిండు గద, నువ్వు పరీక్షలని రాలే. అక్కకు మతి లేదు బిడ్డా ఇప్పుడు. కన్నకొడుకునే గుర్తుపట్టది. పోయి మంచం మీద కూసున్న, చెయ్యి పట్టుకున్న. "ఎవలమ్మా నువ్వు?" అన్నది. నేనే అక్కా, నీ చెల్లెను, పోశవ్వను అన్న. ఎగాదిగ సూసింది. నా తల మీద చెయ్యి పెట్టి సూసింది. "నువ్వు కాదు" అన్నది. "మా చెల్లె అల లేస్తె వస్తది. దాని తల తడిసి ఉంటది. నీ తల పొడిగున్నది" అన్నది.

జర మంచినీళ్ళియ్యి.

వాపస్ వస్తుంటె వంతెన మీదికెల్లి కిందికి సూసిన. అంత ఇసుకనే. నాకు మస్తు దుఃఖమొచ్చింది. గని ఆమెనేమంట? పొడి చీర కట్టుకొని, మామిడికాయల సంచి పట్టుకొని, కాలం కాని కాలంల పోయిన. ఎట్ల గుర్తుపడ్తది?

ఇప్పుడు పుబ్బ నడుస్తున్నది. ఉత్తర ఎంతో దూరం లేదు. నువ్వు కాలమడిగినవ్ గద, ఇగ సూసే పని కూడ నీదే. పొద్దుగాల పోయి రెండు రంగుల గీత పడ్డదా సూడు. తంగేడు పువ్వేసి సూడు. నీళ్ళల్ల దిగినవో, కాళ్ళిరగ్గొడ్త! సూసుడే నీ పని. అల లేస్తె నన్ను రేవు కాడ కూసోబెట్టి తల మీద నీళ్ళు పొయ్యి. నది నీళ్ళే, నల్లా నీళ్ళు కాదు. తుడవకు. అట్లనే ఆటో ఎక్కియ్యి. సీటు తడుస్తదని ఆటో పోరడు లొల్లి పెడ్తె పెట్టనియ్యి. సర్ది వడ్తదని మీ అవ్వ అంటె అననియ్యి.

గుర్తుపడ్తదో లేదో... పట్టకున్నా పాయె. తడిసిన తల కనవడితె అక్క చెయ్యి ఊకోదు, కొంగు తీస్తది. నాకెరుక. అది సాలు నాకు.

ఏందే, నువ్వెందుకు ఏడుస్తున్నవ్? బంద్ చెయ్ ఆ ఫోను. ఇటు రా. సల్లగ బతుకు బిడ్డా. నీ తల తడిసినప్పుడల్ల తుడిచేటోళ్ళు ఒక్కలన్న నీకుండాలె...