దానంతట అదే లేచే మోటరు

మహబూబాబాద్ దాటాక వచ్చే తండాలో రెడ్యా హోటల్ అంటే రేకుల పందిరి, రెండు బల్లలు. పేరుకే హోటల్, టీ, బిస్కట్లు తప్ప ఏమీ ఉండవు. ఆ బిస్కట్లు ఎన్నటివని అడగకపోవడమే మర్యాద. ఆ పొద్దున సర్పంచ్ శ్రీపాల్ పెద్ద ఊరి నుంచి వచ్చి, కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. పక్క గోడకు ఆవల నీళ్ల మోటరు గది. ఆ గదిని చూసుకునే తారి చేతిలో టీ చల్లారిపోతోంది. మోటరు దానంతట అదే నడిచేదైతే దానికి మనిషెందుకని పంచాయతీలో మాట లేచింది. అది తేల్చడానికే టౌను నుంచి నరేందర్‌ను పిలిపించారు. రెండేళ్ల కింద మోటరుకు కంప్యూటర్ డబ్బా బిగించింది ఆయనే.

నరేందర్ పురాణం చెప్పేవాడి ముఖం పెట్టాడు.

"ఏం లేదు శ్రీపాలన్నా, నాలుగు లైన్ల ఫైలు రాసిన, అంతే. డబ్బాల నడిచే లినక్స్‌ల దాన్ని సర్వీస్ అంటరు. కరెంటు పోయి వచ్చిందనుకో, డబ్బా లేస్తది, దాని ఎనకాలనే నా సర్వీస్ లేస్తది, అది మోటరును లేపుతది. మనిషి చెయ్యే తాకొద్దు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది సారు?" అన్నాడు రెడ్యా పాలు కలుపుతూ.

"మొన్న వానకాలం గాలిదుమారంల ఒక్క గంటల నూటిరవై సార్లు కరెంటు పోయింది. నూటిరవై సార్లు లేచింది! అలవాటై, ఇగ కరెంటు రాకముందే లేసుడు మొదలువెట్టింది. చెల్పూర్ కరెంటు ప్లాంటు నుంచి నాకు ఫోను: 'నరేందర్ సాబ్, మేమింక కరెంటే వదల్లేదు, మీ మోటరు తిరుగుతున్నది, జర ఆపుండ్రి, మా ఇజ్జత్ పోతున్నది!'"

"ఆపినవా మరి?"

"ఆపితే ఆగాలె గద! తండాల కోళ్లు మోటరు లేస్తెనే కూస్తున్నయి. ఆఖరుకు సూర్యుడు సుత గా చప్పుడు ఇన్నంకనే గుట్ట ఎక్కుతున్నడు. కావాల్నంటే రేపు చూడుండ్రి."

ఎవరూ నవ్వలేదు. తారిని పనిలోంచి తీసేసే కాగితం మీద సంతకానికి శ్రీపాల్ పెన్ను మూత తీశాడు.

అప్పుడే కరెంటు పోయింది. పందిరి కింద ఫ్యాను ఆగింది, గోడవతల మోటరు ఆగింది. కాసేపటికి ఫ్యాను తిరిగింది. అందరూ గోడవైపు చెవులు పెట్టారు. మోటరు లేవలేదు. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు "ఓ తారీ!" అని కేకేశారు. తారి కదల్లేదు.

"లేస్తది, జర ఆగుండ్రి," అన్నాడు నరేందర్. ఆగారు. ఏమీ లేవలేదు.

"సూర్యున్ని లేపినవు గని సారూ," అంది తారి మెల్లగా, "మోటరును రెండేండ్ల సంది నేనే లేపుతున్న. మొదటి దినం నువ్వు డబ్బాల కొట్టిన అచ్చరాలు బొగ్గుతోని గోడ మీద గీసుకున్న. కరెంటు పోయినప్పుడల్ల ఒక్కొక్కటి చూసుకుంట కొడుతున్న. నాకు చదువెక్కడిది?"

నరేందర్ గదిలోకి వెళ్లాడు. గోడంతా కొత్తగా సున్నం వేసి ఉంది. ఆ బొగ్గు అక్షరాల వరుస చుట్టూ మాత్రం వదిలేసి ఉంది. బయటికొచ్చి గొణిగాడు: "స్టార్ట్ అంటే ఇప్పుడు లెమ్మని. ఎనేబుల్ అంటే కరెంటు వచ్చినప్పుడల్ల లెమ్మని. నేను స్టార్ట్ ఒక్కటే కొట్టి పోయిన."

శ్రీపాల్ ఆ మాట పట్టుకున్నాడు. "అయితే గా రెండోది ఇప్పుడు కొట్టు. అయిపాయె గద?"

నరేందర్ తారి వైపు చూశాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"గది నాతోని గాదన్నా. నాకంత విద్య రాదు."

"చెల్పూర్‌నే పరేషాన్ చేసిన నీకు రాకపోతే ఇంకెవరికొస్తది?" శ్రీపాల్ పెన్నుకు మూత పెట్టాడు.

తారి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, మోటరును లేపడానికి వెళ్లింది.