పసుపు గీతలు

ఏప్రిల్, శనివారం మధ్యాహ్నం. బయట మంచు ఇంకా కరగలేదు. ఇంట్లో ఉన్నవాళ్లం: తాతయ్య ఆరిన్, అమ్మమ్మ లవోన్, నేను. వంటింటి పక్క గరాజ్‌లో విమానం. రిటైరయ్యాక తాతయ్య విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఆరేళ్లుగా బిగిస్తున్నాడు. సోమవారం తనిఖీ చెయ్యడానికి అధికారి వస్తాడు.

"మళ్లీ చెప్పు సిగ్నీ. నోట్లో నోట్లో కాదు, బయటికి."

"ఈ బోల్టు... వదులుగా ఉంది తాతయ్యా."

"గీత ఉందా?"

"ఉంది. పసుపు గీత."

"గీత ఎందుకు పెడతాం? నీకు పదకొండేళ్లప్పుడే నేర్పాను."

"బోల్టు బిగించాక నట్టునీ దాన్నీ కలిపి గీస్తాం. బిగించేశాం అని గుర్తు. నట్టు కదిలితే గీత విరుగుతుంది."

"మరి విరిగిందా?"

"లేదు. నేను వేలితో తిప్పాక విరిగింది."

"వేలితోనా?"

"వేలితోనే."

"చలికి లోహం ముడుచుకుంటుందే. ఆ రెంచి ఇలా ఇవ్వు. ఇదిగో, అయిపోయింది. ఒక్క బోల్టుకి మొహం ఇంతలా వేలాడేసుకోవాలా!"

"ఒక్కటి కాదు."

"ఏంటీ?"

"తొమ్మిది. మార్చి నుంచి. మిగతా ఎనిమిదీ నేనే బిగించి మళ్లీ గీతలు పెట్టాను. నువ్వు ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా."

"మార్చి నుంచా! అప్పుడే నోరు తెరవొచ్చుగా?"

"తెరిచాను. నువ్వు రేడియో పెద్దది చేశావు."

"ముప్పై నాలుగేళ్లు స్కూలు బస్సులకి బ్రేకులు బిగించాను. నువ్వెక్కిన బస్సుకి కూడా. బ్రేకు వేస్తే ఆగలేదా?"

"ఆగింది."

"మరి?"

"ఇది గాల్లో ఆగకూడదు కదా తాతయ్యా. మొదటిసారి నువ్వొక్కడివే ఎక్కుతావు."

"అందుకేగా సోమవారం ఆయనొచ్చి చూసేది! గీత లేనిది ఒక్కటున్నా పట్టేస్తాడు."

"అన్నిటికీ ఉన్నాయి. అదే నా భయం. గీత ఉంటే ఆయన వేలు పెట్టి చూడడు."

"తొమ్మిదని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?"

"డైరీలో రాశాను."

"నా మీదా? నా ఇంట్లో కూర్చుని నా మీద రాస్తున్నావా?"

"నీ మీద కాదు. బోల్టుల మీద."

"అమ్మమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చెప్పావంటే—"

"నాకేం చెప్పకూడదు? రెండుసార్లు పిలిచాను. జింక మాంసం సూప్ చల్లారిపోయింది."

"ఏం లేదు లవోన్. నువ్వు పద, వస్తున్నాం."

"పిల్ల ఎందుకు ఏడుస్తోంది?"

"జలుబు."

"సిగ్నీ, జలుబా?"

"కాదు అమ్మమ్మా. బోల్టులు వదులుగా ఉన్నాయి. గీతలున్నవే."

"గీతలున్నవి... వదులుగానా?"

"చూశావా, మీ అమ్మమ్మని కూడా హడలగొట్టావు! లవోన్, కూర్చో. మొహం అలా పాలిపోయిందేంటి?"

"రెక్క కిందవా ఆరిన్?"

"ఇప్పుడు నేను బిగించింది అక్కడిదే... ఆగు. రెక్క కింద అని నీకెలా తెలుసు?"

"ఆ గీతలు నేను పెట్టాను."

"నువ్వా?"

"నువ్వు కునుకు తీసేటప్పుడు. పెయింటు డబ్బాకి మూత పెట్టకుండా వచ్చేసేవాడివి. పెడదామని వెళ్లి చూస్తే కొన్నిటికి గీత ఉండేది కాదు. మర్చిపోయాడులే, తనిఖీకొచ్చే ఆయన కంట పడితే ఎగరనివ్వరు, ఆరేళ్ల కష్టం పోతుంది అని... నేనే గీసేశాను. గీతే మర్చిపోయావనుకున్నాను ఆరిన్. బిగించడమే మర్చిపోయావనుకోలేదు."

"ఎన్నిటికి?"

"తెలీదు."

"ఎన్నిటికి లవోన్!"

"లెక్కపెట్టలేదు. పెడితే భయమేస్తుందని పెట్టలేదు."

"అమ్మమ్మా, మార్చికి ముందు కూడానా?"

"క్రిస్మస్‌కి ముందు నుంచీ."

"రెక్కలు జనవరిలో మూసేశాం అమ్మమ్మా. లోపలివి ఇంక చేతికి అందవు."

"తెలుసమ్మా."

"తాతయ్యా, సోమవారం ఆయనకి ఏం చెప్తావు?"

"రావద్దని చెప్తాను. ఆ డైరీ ఇలా తే."

"అందులో వేరేవి కూడా ఉన్నాయి తాతయ్యా."

"వేరేవి చదవను. నాకు తారీఖులు కావాలి."

"మూలన మడతపెట్టిన పేజీలే చూడు. మిగతావి వద్దు. ఒట్టు?"

"ఒట్టు. ఇంక వంటింట్లోకి పో."

"నేనూ ఉంటాను."

"పో తల్లీ, సూప్ తాగు. చెయ్యి తియ్యి, తలుపు వేస్తున్నా. లవోన్, ఇటు రా. మార్చి పన్నెండు, రెక్క కింద రెండు, అని రాసింది. ఆ రోజు నేనేం చేశానో నువ్వు చెప్పు. నాకు ఆ రోజే గుర్తులేదు."